కప్పకు నీడ ఉండకూడదు

ఈ మధ్య నేను జపాను బొమ్మల సీరియళ్లు చూస్తున్నానంటే నా ఈడు వాళ్లెవరూ నమ్మడం లేదు. రిటైరైన జువాలజీ లెక్చరరమ్మ సాయంత్రం పూట పార్కులో బెంచీ మీద కూర్చుని మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాలని మా ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక అలిఖిత నియమం ఉంది. నేనేమో మా మనవరాలు ఆద్యకు దొరికిపోయాను. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల నా ఒళ్లో మురుకుల గిన్నె పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, “నానమ్మా, దీన్ని కార్టూన్ అన్నవంటే నీతో మాట్లాడ” అని బెదిరించి కూర్చోబెట్టింది. కథ పెద్దదేమీ కాదు. ఒక స్కూలు పిల్లవాడు, మంచి మార్కులు, ఏ లోటూ లేదు, ఏ సంబరమూ లేదు. ఒకనాడు బొమ్మలు వేయడంలో పడతాడు. ఇక తిండి మీద ధ్యాస ఉండదు, బొమ్మల కాలేజీ ప్రవేశ పరీక్ష తప్ప మరో లోకం ఉండదు. ‘ఇంతేనా’ అనుకుంటూ మొదలుపెట్టిన దాన్ని, కొన్ని భాగాలయ్యాక ముక్కు చీదుతూ కూర్చున్నాను. కోడలు అడిగితే జలుబని చెప్పాను.

ఆ సీరియల్లో పిల్లవాడి మనసు రంగుల మీదికి మళ్లే క్షణంలో గాలి వీస్తుంది, జుట్టు ఎగురుతుంది, వెనకాల పియానో మోగుతుంది. నాకు బొమ్మల పిచ్చి మొదలైన చోట మాత్రం ఫార్మలిన్ వాసన వచ్చేది. గాలి సంగతంటారా, చిలకలగూడలో మేమున్న రెండు గదుల ఇంటికంతా ఒకటే టేబుల్ ఫ్యాను. అది ఎప్పుడూ నాయన వైపే తిరిగి ఉండేది.

నాయన రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఆ రోజు స్టేషన్లో ఏ సరుకు దిగిందో సాయంత్రం ఆయన గడపలోకి రాగానే వాసనను బట్టి చెప్పేవాళ్లం. ఎండాకాలంలో మామిడిపళ్లు, పెళ్లిళ్ల రోజుల్లో మల్లెపూలు, మిగతా ఏడాదంతా చేపలు. పొద్దున అమ్మ కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొట్టే చప్పుడుతో మాకు తెల్లవారేది. ఆ పొగ వాసనలోనే పోపు వేగేది, ఆ పోపులోనే నాయన టిఫిన్ డబ్బా నిండేది. డబ్బాను ఆయన తువ్వాలతో తుడిచి, పైకెత్తి బరువు చూసి, తృప్తిగా తలూపి బయలుదేరేవాడు. మా గల్లీలో మగవాళ్లంతా అదే వేళకు, అదే డబ్బాతో, స్టేషన్ వైపు నడిచేవాళ్లు. నాయన లోకాన్ని రెండుగా చూసేవాడు: డబ్బా కట్టించుకుని పోయేవాళ్లు, కట్టించుకోనివాళ్లు. రెండో రకం ఎంత గొప్పవాళ్లయినా ఆయనకు వాళ్లను చూస్తే జాలి.

నేను పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకోవడంతో నన్ను బైపీసీలో చేర్పించారు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అప్పట్లో మంచి మార్కులొచ్చిన పిల్లకు రెండే దారులు, లెక్కలొస్తే ఇంజనీరు, రాకపోతే డాక్టరు. నాకు లెక్కలు రావని ఇంటిల్లిపాదికీ తెలుసు కనుక డాక్టరునని తేలిపోయింది. బైపీసీ వాళ్లకు జువాలజీ రికార్డు అనే పెద్ద అట్ట పుస్తకం ఉంటుంది. కుడి పక్క గీతల కాగితం మీద రాయాలి, ఎడమ పక్క తెల్ల కాగితం మీద బొమ్మ వేయాలి. ఆ బొమ్మకు శాస్త్రాలున్నాయి. పెన్సిలు సూదిలా ఉండాలి, గీత ఒకే దెబ్బకు పడాలి, ధమనికి ఎరుపు, సిరకు నీలం. అన్నింటికన్నా పెద్ద శాస్త్రం, షేడింగ్ ఇవ్వరాదు. నీడ పడిందా, మార్కులు పోయినట్టే. మా జువాలజీలో సూర్యుడు ఉండడు.

మొదటి రోజు సారు ఫార్మలిన్ సీసాలోంచి కప్పను తీసి ట్రేలో పెట్టి బొమ్మ వేయమన్నారు. క్లాసంతా పుస్తకం తెరిచి అందులోని కప్పను ఎక్కించుకుంటోంది. నేను ట్రేలోని కప్పను చూశాను. ఎన్నేళ్లు ఆ సీసాలో ఉందో పాపం, ఒక కాలు మెలిపడింది, పొట్ట ఒక పక్కకు జారింది, నోరు కొంచెం తెరుచుకుని ఏదో చెప్పబోయి మానేసినట్టుంది. నేను దాన్ని అలాగే వేశాను. వేస్తుంటే బెల్లు కొట్టింది కూడా వినబడలేదు. సారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

“ఏందమ్మా ఇది?”

“కప్ప సార్.”

“కప్ప గిట్లుంటదా?”

“అది అట్లనే ఉన్నది సార్.”

“అది ఎట్లున్నదో ఎవరడిగిన్రమ్మా నిన్ను? పుస్తకంల ఎట్లుంటే గట్ల గియ్యి. రేపు ఎగ్జామినరు కప్పను చూస్తడా, పుస్తకం చూస్తడా?”

ఆయన చెడ్డవాడు కాదు. మా మంచి కోరే చెప్పారు. ఆ కాగితం చింపేసి పుస్తకంలో కప్పను దించాను, అది ఆ పుస్తకం కన్నా బాగా వచ్చింది. అక్కడే నా కొంప మునిగింది.

ఎందుకంటే మా వైపు రికార్డు అనేది ఎవరిది వాళ్లు వేసుకునే వస్తువు కాదు. చేయి తిరిగిన పిల్ల ఎక్కడుందో చూసుకుని తెచ్చి ఇచ్చిపోయేది. మొదట నా పక్క బెంచీ నూర్జహాన్ ఇచ్చింది. వాళ్ల నాన్నది మా గల్లీ మొదట్లో దర్జీ దుకాణం, మా రెండిళ్లకూ రాకపోకలు. ఆ తర్వాత క్లాసు, ఆ తర్వాత పక్క కాలేజీ. మా ఇంట్లో రికార్డులు బియ్యం బస్తా ఎత్తున పేరుకున్నాయి. నూర్జహాన్ వాళ్ల అమ్మ డబల్ కా మీఠా పంపేది, ఇంకొకరు సకినాలు పంపేవాళ్లు. ఇవి తింటూ నేను రోజూ కప్పలు, వానపాములు, బొద్దింకల నోటి భాగాలు గీస్తూ కూర్చునేదాన్ని. ఇంత బాగా గుండె బొమ్మ వేసే పిల్ల రేపు గుండె కోసి కుట్టలేదా అని గల్లీ తీర్మానించింది. బొమ్మకూ వైద్యానికీ మధ్య ఏదో చదువు ఉంటుందన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. పక్కింటి పెద్దమ్మ వచ్చి, “ప్రమీలా, జెర నా కడుపు చూడవే, కుడి దిక్కు సూదులు పొడుస్తున్నయి” అని చాప మీద పడుకునేది. నాకు పదహారేళ్లు. నేను గంభీరంగా నొక్కి చూసి మజ్జిగ తాగమనేదాన్ని. తగ్గిపోయేది కూడా. నాయన గర్వానికి పట్టపగ్గాలుండేవి కావు.

ఇంటర్ రెండో ఏడాది, ప్రాక్టికల్ పరీక్షలకు ముందు ఒక సెలవు రోజు నూర్జహాన్ వాళ్లు మౌలాలి గుట్టకు పోతూ నన్నూ తీసుకెళ్లారు. ఆమె నాన్నకు ఏదో మొక్కు. మెట్లెక్కి పైకి చేరాక వాళ్లంతా దర్గా లోపలికి పోయారు, నేను బయట రాతి మీద కూర్చున్నాను. చేతిలో ఊరికే ఉండలేని దురద. సంచిలో రికార్డు కాగితం, పెన్సిలు ఉన్నాయి. ఎదురుగా ఒక పెద్ద రాతి గుండు, సాయంత్రపు ఎండ ఒక పక్కన కొడుతుంటే ఇంకో పక్కన నల్లగా ఉంది. గీత గీశాను. గుండు రాలేదు, ఇడ్లీ వచ్చింది. మళ్లీ గీశాను, మళ్లీ ఇడ్లీ. విసుగొచ్చి, ఇక్కడ సారు లేడు కదా అని పెన్సిలును పడుకోబెట్టి రుద్ది, వేలితో అద్దాను. నల్లదనం ఒక పక్కకు చేరింది. గుండు లేచి కూర్చుంది.

ఇంతకాలం నేను గీసినవన్నీ కాగితం మీద పడుకుని ఉన్నవే, ఇది ఒక్కటే లేచింది. ఆ సంతోషాన్ని ఇప్పటికీ దేనితోనూ పోల్చలేను. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, అన్నీ చూశాను, అంత సంతోషం మళ్లీ రాలేదు. గుట్ట మీద గాలి కూడా నిజంగానే వీచింది. జుట్టు మాత్రం ఎగరలేదు, కొబ్బరినూనె పట్టించి అమ్మ బిగించి అల్లిన జడ అది. నూర్జహాన్ బయటికొచ్చి కాగితం లాక్కుంది.

“అరె, ఇదేందే! రాయి కూసున్నట్టే ఉన్నది!”

“కూసున్నది గద మరి.”

“నువ్వు డాక్టర్ గావు పో,” అంది నూర్జహాన్. తిట్టిందో మెచ్చుకుందో ఆమెకే తెలియదు.

ఇంటికొచ్చాక నాకు ఆగలేదు. బియ్యం బస్తా ఎత్తున రికార్డులు ఎదురుగా ఉన్నాయి, అన్నింట్లోనూ కప్పలు వెల్లకిలా పడి ఉన్నాయి, ఒక్కదానికీ నీడ లేదు. వాటిని చూస్తే నాకు పాపం అనిపించింది. ఒక్కొక్కటే తీసి నీడ పెట్టాను. పొట్ట కింద, తొడ పక్కన, దవడ కింద. అవి లేచి కూర్చోలేదు, చచ్చిపోయిన కప్పలు కదా, కానీ నిజంగా చచ్చిపోయినట్టు కనబడ్డాయి. వాటిని చూసి అమ్మ, “అయ్యో” అంది. కప్ప బొమ్మను చూసి మా ఇంట్లో ఎవరైనా అయ్యో అనడం అదే మొదలు.

ప్రాక్టికల్స్ నాడు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చారు. పెద్దాయన, మందపాటి కళ్లద్దాలు. మొదటి రికార్డు తెరిచారు, రెండోది తెరిచారు, వరుసగా అన్నీ తెరిచారు. మా సారు మొహంలో నెత్తురు లేదు. “ఇవి రికార్డులా, ఎగ్జిబిషనా?” అని సారే మా మీద గుడ్లురిమారు. క్లాసంతా నా వైపు తిరిగింది. అందరి మార్కులూ నా నీడల్లో మునిగిపోయాయనుకున్నాను. ఆ పెద్దాయన మాత్రం ఎవరి మార్కులూ కోయలేదు. నన్ను పిలిచి, ఇంటి నుంచి పెద్దవాళ్లెవరైనా వచ్చారా అని అడిగారు. మా నాయన బయట వేపచెట్టు కింద ఉన్నాడు. కూతురు డాక్టరు కాబోయే ముందు చివరి మెట్టు కదా అని ఆ పూట సెలవు పెట్టి వచ్చాడు. పెద్దాయన నా ముందే ఆయనతో వరండాలో చాలాసేపు మాట్లాడారు. మెడిసిన్ ఆలోచన మానుకోండి, ఈ పిల్లకు చూసే కన్నుంది, ఈ ఊళ్లోనే బొమ్మల కాలేజీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయించండి అన్నారు. నాయన చేతులు కట్టుకుని అన్నింటికీ సరే సార్ అన్నాడు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అమ్మతో చెప్పాడు. “సారు మస్తు మెచ్చుకున్నడు. గిసోంటి ఓపిక ఎవ్వరికీ లేదన్నడు. గింత ఓపికున్న పిల్ల డాక్టర్ గాకపోతే ఇంకెవరైతరు?”

పెద్దాయన అన్నది వేరు, నాయన మోసుకొచ్చింది వేరు. పార్సిల్ ఆఫీసులో అంతకాలం పనిచేసిన మనిషి, ఇంత చిన్న సరుకును చిరునామా మార్చి మా ఇంటికే చేర్చుకున్నాడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నదాన్ని, ముందుకొచ్చి అడిగాను.

“నాయనా, నేను బొమ్మల కాలేజీల చేరుత.”

నాయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, ఎదురు తిరిగేదాన్ని. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

“అండ్ల చదివినోళ్లు పొద్దుగాల లేచి ఏడికి పోతరు బిడ్డా?”

నాకు తెలియదు. ఆ చదువు చదివిన మనిషిని నేను చూసి ఉంటే కదా.

“వాళ్లకు టిఫిన్ డబ్బా ఎవరన్న కడతరా?”

అమ్మ స్టవ్వు ముందు నుంచే అంది, “పిల్ల అడుగుతున్నది గద, ఒక్కసారి పరీక్ష రాయనీయుండ్రి. పాస్ గాకుంటే అదే ఊకుంటది.”

నాయన ఫ్యాను గాలికి చొక్కా విప్పుకుంటూ ఆగిపోయాడు. “రాస్తె పాసైతది,” అన్నాడు. “గదే నా భయం.”

ఆ మాట మీద నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. నా చేతి మీద ఆ ఇంట్లో అందరికన్నా నమ్మకం ఉన్న మనిషి ఆయనే. అందుకే అప్లికేషను తెప్పించలేదు. మెడికల్ ఎంట్రన్సు రాశాను, నా ర్యాంకు చూసి గల్లీ అంతా ప్రశ్నాపత్రం తప్పని తేల్చింది. పక్కింటి పెద్దమ్మ మాత్రం మజ్జిగ మానలేదు. తర్వాత బీయెస్సీ, ఎమ్మెస్సీ, జువాలజీ లెక్చరరు. నా టిఫిన్ డబ్బా తుడిచి, బరువు చూసి, నా చేతికిచ్చి నాయన తృప్తిగా తలూపిన పొద్దు ఒకటి వచ్చింది. ఉద్యోగం చేసినంత కాలం నల్లబల్ల మీద రంగు చాకుపీసులతో కప్పలు వేశాను. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. గంట కొట్టగానే లెక్కల సారు వచ్చి తుడిచేసేవాడు. బల్ల మీద నీడ పెట్టకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి పెట్టేదాన్ని. అంతవరకే నా తిరుగుబాటు.

మా అబ్బాయి శ్రీనివాస్ వాళ్ల తాత లాంటివాడు కాదు. సాఫ్ట్‌వేరు మనిషి, పిల్లల పెంపకం మీద ఫోన్లో ఉపన్యాసాలు వింటాడు. ఆ సీరియల్ చూశాక ఆద్య గోడ, కాగితం, ఐస్‌క్రీం మూత అనకుండా బొమ్మలు వేయడం మొదలుపెడితే వాడు పొంగిపోయాడు. “అమ్మా, పిల్లల ప్యాషన్‌ను మనం ఫాలో కావాలె” అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. వారం తిరక్కుండా పిల్లను డిజైన్ ఎంట్రన్సు కోచింగులో వేశాడు. బొమ్మలకు కోచింగు! ఆదివారం మాక్ టెస్టు, సోమవారం ర్యాంకులు, గోడ మీద టాపర్ల ఫోటోలు. ఊహాశక్తికి టైము పెడతారు, గంట కొట్టేలోపు ఊహించెయ్యాలి. నాయన బొమ్మల కాలేజీకి భయపడ్డాడు కనుక దాన్ని ముట్టుకోలేదు. నా కొడుకు ప్రేమించాడు కనుక దాన్ని కూడా ఎంసెట్ చేసేశాడు. ఇందులో ఏది మేలో నేను ఇంకా తేల్చుకోలేదు.

మొన్నటి టెస్టులో ‘అమ్మమ్మ లేదా నానమ్మ’ అని ఇచ్చారట. ఆద్య నన్ను వేసింది, సోఫా మీద, హెడ్‌ఫోన్లతో, నోట్లో మురుకుతో. ఆ బొమ్మ మీద ఎర్ర ఇంకుతో రాసి పంపారు: ‘ఎమోషన్ లేదు. వృద్ధాప్యం కనబడటం లేదు.’ టాపరు వేసిన బొమ్మను నమూనాగా ఫోన్లో పంపారు. చేతికర్ర, కిటికీ, అవతల సూర్యాస్తమయం, చెంప మీద ఒక కన్నీటి బొట్టు. రిపోర్టులో ‘క్రియేటివిటీ: వీక్’ అని ఉంటే శ్రీనివాస్ కంగారుపడి, దానికి విడిగా ఇంకో క్లాసు మాట్లాడాడు. అప్పటి నుంచి ఆద్య ఇంట్లో పెన్సిలు పట్టడం లేదు. సీరియల్ చూద్దామంటే, “వద్దు నానమ్మా, బోర్” అంది. దాని మొహం చూస్తే నాకు ఆ సీసాలో కప్ప గుర్తొచ్చింది, ఏదో చెప్పబోయి మానేసిన నోరు. నాకు భయమేసింది. నాకు బొమ్మ పోవడానికి ఒక నాయన కావలసి వచ్చింది, దీనికి అంత కష్టం కూడా అక్కర్లేకుండానే పోయేట్టుంది.

నిన్న ఆదివారం పొద్దున దాన్ని బాల్కనీలోకి లాక్కుపోయి, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. “నన్ను గియ్యి,” అన్నాను. “కర్ర లేదు, కన్నీళ్లు లేవు. ఉన్నదున్నట్టు గియ్యి.” చాలాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత పెన్సిలు తీసింది. తర్వాత తల ఎత్తడం, దించడం, అంతే. కాఫీ చల్లారిపోయింది. నాకు ఆత్రం ఆగక ముందుకు వంగి చూశాను.

గడ్డం కింద చర్మం వేలాడుతోంది. ఒక కన్ను రెండోదానికన్నా చిన్నది. పెదవులు బిగించి, ఎవరినో తప్పు పట్టడానికి సిద్ధంగా ఉన్న ఒక ముసలావిడ.

“ఏందే ఇది? నా మొహం గిట్లున్నదా? జెర మంచిగ గియ్యరాదు!”

“నువ్వు అట్లనే ఉన్నవ్ నానమ్మా,” అంది ఆద్య.

ఇన్నేళ్ల తర్వాత ఆ మాట నా ఇంట్లో, నా ఎదురుగా, నా మొహం మీదే వినబడింది. మళ్లీ కాగితం చూశాను. గడ్డం కింద అది నీడ పెట్టింది, వేలితో అద్దింది. ఎవరూ నేర్పలేదు. ఆ ముసలావిడ కాగితం మీద లేచి కూర్చుంది.

ఇంతలో శ్రీనివాస్ కారు తాళాలు ఆడిస్తూ వచ్చాడు. రెండో చేతిలో ఆద్య టిఫిన్ డబ్బా. బొమ్మలు నేర్చుకునేవాళ్లకు డబ్బా కడతారా అని అడిగావు కదా నాయనా, కడుతున్నారు, మూడు గిన్నెలది.

“ఆద్యా, లెవ్వు. ఇయ్యాల మాక్ టెస్ట్ ఉన్నది.”

“ఉండనీ,” అన్నాను నేను, మెడ తిప్పకుండా. “ఆ డబ్బా గిటు పెట్టు. మేమిద్దరం ఇక్కడనే తింటం. నేను కదిలితే బొమ్మ చెడిపోతది.”

“అట్ల గాదు అమ్మా, ర్యాంకు...” అంటూ వాడు మా దగ్గరికొచ్చి, కాగితం మీదికి వంగి, అక్కడే ఆగిపోయాడు. బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బొమ్మను చూశాడు. ఏదో అనబోయాడు.

ఆద్య తల ఎత్తలేదు. “డాడీ, ఎండకు అడ్డమొస్తున్నవ్. జెర జరుగు.”

వాడు డబ్బా కింద పెట్టి, పక్కకు జరిగాడు.